ఒకే ఫ్లాంజ్, నాలుగు జీతాలు: ఆయిల్ పనిలో యూనియన్ ఎవరికి అందింది, ఎవరికి అందలేదు

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిందే ఇక్కడ రాసి పెడుతున్నాను. క్యాంపులో నెట్ సరిగా రాని వాళ్ళు, వినడానికి టైమ్ దొరకని వాళ్ళు చదువుకోవచ్చు. మాటల్లో తడబడినవి కాస్త సర్దాను, అంతే.)

కొత్తగా వింటున్న వాళ్ళ కోసం నా గురించి రెండు ముక్కలు. మాది శ్రీకాకుళం జిల్లా. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేశాను. గల్ఫ్‌కి ఫిట్టర్‌గానే వచ్చాను. ఇప్పుడు కువైట్‌లో రిఫైనరీ కన్‌స్ట్రక్షన్, షట్‌డౌన్ పనుల్లో సూపర్‌వైజర్‌ని.

ఈ వారం విషయం యూనియన్. ఈ పేరెత్తితే మనవాళ్ళ దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "యూనియన్ ఉండుంటే మన బతుకులు ఇలా ఉండేవి కావు" అని. రెండోది, "మనం వచ్చింది అప్పు తీర్చి నాలుగు రాళ్ళు వెనకేసుకోవడానికి, జెండాలు పట్టుకోవడానికి కాదు" అని. ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోట విన్నాను నేను. జీతం పడిన రోజు ఒక మాట, జీతం లేటైన రోజు ఇంకో మాట. రెంటిలోనూ కొంత నిజం ఉంది. అందుకే ఆవేశం పక్కన పెట్టి, ఆయిల్ పనిలో యూనియన్ల వల్ల ఏం జరిగిందో, ఎవరికి జరిగిందో చూద్దాం.

ముందు మన పని సంగతే తీసుకోండి. షట్‌డౌన్‌లో హీట్ ఎక్స్‌ఛేంజర్ ఒకటి విప్పాలి. పర్మిట్ ఇచ్చే ఆపరేటర్ ఆయిల్ కంపెనీ స్టాఫ్. దగ్గరుండి చూసే ఇంజనీర్ మెయిన్ కాంట్రాక్టర్ మనిషి. స్పానర్ పట్టే ఫిట్టర్ సబ్ కాంట్రాక్టర్ మనిషి. అతనికి బోల్టులు అందించే హెల్పర్‌ని సప్లై కంపెనీ పంపింది. నలుగురూ నిలబడేది ఒకే స్కాఫోల్డింగ్ మీద, విప్పేది ఒకే ఫ్లాంజ్. గ్యాస్ లీకైతే నలుగురూ పీల్చేది ఒకే గాలి. జీతం చీటీలు మాత్రం నాలుగు. పైనుంచి ఒక్కో మెట్టు దిగే కొద్దీ మధ్యవాడు తన వాటా తీసుకుంటాడు. మిగిలింది చివరి మెట్టు మీద ఉన్నవాడికి.

ఇందులో యూనియన్ ఎక్కడుంది? ప్రపంచంలో ఆయిల్ పని జరిగే చాలా చోట్ల అది మొదటి మెట్టు మీదే ఉంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మిగతా కథ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆయిల్ పనిలో యూనియన్‌కి అంత బలం ఎందుకంటే లెక్క సింపుల్. ఒక బిల్డింగ్ పని పది రోజులు ఆగితే ఓనరు తిడతాడు, పెనాల్టీ వేస్తాడు, అయిపోతుంది. రిఫైనరీ ఆగితే అలా కాదు. ఆపడానికి రోజులు, మళ్ళీ ఎక్కించడానికి రోజులు. ఓడ రేవులో నిలబడి ఉంటుంది, కొన్నవాడు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటాడు. ఆ మొత్తం ఖర్చు ముందు మనుషుల జీతాలు చిన్న భాగం. కొద్దిమంది చేతులు ముడుచుకుంటే దేశం ఖజానాకే దెబ్బ. అందుకే ఆయిల్ యూనియన్ అడిగితే ప్రభుత్వాలు వింటాయి. అందుకే ఆయిల్ యూనియన్ అంటే ప్రభుత్వాలకి భయం కూడా.

మన కళ్ళ ముందు జరిగిన ఉదాహరణే చెబుతాను. 2014 మధ్యలో బ్యారెల్ ధర వంద డాలర్ల పైన ఉండేది. 2016 జనవరికి ముప్పై లోపలికి పడిపోయింది. కువైట్ ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవడానికి ప్రభుత్వ ఉద్యోగులందరికీ ఒకే రకం జీతాల పద్ధతి తెస్తామంది. అది వస్తే ఆయిల్ కంపెనీల స్టాఫ్‌కి అలవెన్సులు, బోనస్‌లు తగ్గుతాయి. 2016 ఏప్రిల్ 17న వాళ్ళ యూనియన్ సమ్మెకి దిగింది. మామూలుగా రోజుకి 28 లక్షల బ్యారెళ్ళకి తక్కువ కాకుండా తీసే దేశం, మొదటి రోజు 11 లక్షలకి పడిపోయింది. అదే రోజు దోహాలో ఆయిల్ దేశాల మీటింగు ఏమీ తేల్చుకోకుండా ముగిసింది. ధర ఇంకా పడాల్సింది, ఈ సమ్మె వల్ల కొంత నిలబడింది. అంటే ఒక చిన్న దేశంలో కొన్ని వేల మంది ఆగితే ప్రపంచం మార్కెట్టే ఆ మాట వింది. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 20న, అమీర్ మీద గౌరవంతో అని చెప్పి సమ్మె ముగించారు.

ఇక అదే సంవత్సరం, అదే ధర పడిపోవడం, పక్క దేశం సౌదీ. ప్రభుత్వం నుంచి బిల్లులు రాక పెద్ద పెద్ద నిర్మాణ కంపెనీలు కూలబడ్డాయి. వేల మంది ఇండియా కార్మికులు నెలల తరబడి జీతం లేకుండా క్యాంపుల్లో ఉండిపోయారు. 2016 జూలై ఆఖరుకి తిండికి కూడా ఇబ్బంది వచ్చింది. జెడ్డాలో మన కాన్సులేట్ వాళ్ళు, అక్కడి మనవాళ్ళు కలిసి బియ్యం, పప్పు పంచారు. ఢిల్లీ నుంచి మంత్రి వెళ్ళాల్సి వచ్చింది. చాలామంది రావాల్సిన బకాయిలు వదులుకుని ఇంటికి పోయారు.

ఈ రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టి చూడండి. పడిపోయిన ధర ఒకటే. ఒకచోట అలవెన్స్ తగ్గుతుందని తెలియగానే గట్టిగా అడిగే సంఘం ఉంది. ఇంకోచోట జీతమే ఆగిపోయినా అడిగే గొంతు లేదు. మొదటి వాళ్ళు మంచివాళ్ళు, రెండో వాళ్ళు చేతకాని వాళ్ళు అని కాదు. ఒకరికి చట్టం చోటిచ్చింది, ఇంకొకరికి ఇవ్వలేదు. నష్టం వచ్చినప్పుడు ఎవరి నెత్తిన ఎంత పడాలో అప్పుడే తేలిపోయింది.

మన చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. కువైట్‌లో 2010 లేబర్ చట్టం ప్రకారం యూనియన్ పెట్టుకునే హక్కు కువైటీ కార్మికులది. అందులో ఓటు వేసే, పదవికి నిలబడే అవకాశం మనకి లేదు. సౌదీలో, ఎమిరేట్స్‌లో యూనియన్లే లేవు. ఖతార్‌లో సంఘం హక్కు ఖతారీలకే, కాకపోతే 30 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉన్న కంపెనీల్లో కార్మికులు ఎన్నుకున్న వాళ్ళతో ఉమ్మడి కమిటీ పెట్టుకోవచ్చు. బహ్రెయిన్, ఒమన్‌లలో విదేశీ కార్మికులు కూడా యూనియన్‌లో చేరవచ్చు. బహ్రెయిన్‌లో ఆ చట్టం 2002లో, ఒమన్‌లో 2006లో వచ్చాయి. అయితే చేరే హక్కు వేరు, ఆయిల్ పనిలో సమ్మె చేసే హక్కు వేరు. గల్ఫ్‌లో పని ఆపిన విదేశీ కార్మికుల్ని విమానం ఎక్కించి పంపేసిన సంఘటనలు చాలా ఉన్నాయి. ఇది మనసులో పెట్టుకునే మిగతాది వినండి.

ఇది కొత్త కథ కూడా కాదు. మనకన్నా వందేళ్ళ ముందే మనవాళ్ళు ఈ దారిలో నడిచారు. ఇరాన్‌లో అబాదాన్ రిఫైనరీ బ్రిటిష్ కంపెనీ కట్టింది. ఫిట్టర్లు, మెషినిస్టులు, గుమాస్తాలు వేల సంఖ్యలో ఇండియా నుంచే వెళ్ళారు. 1920లో ఆ ఇండియా కార్మికులు జీతం పెంచమని పని ఆపారు, ఇరాన్ కార్మికులు కూడా కలిశారు. జీతం పెరిగింది. 1922లో మళ్ళీ ఆపారు. ఈసారి కంపెనీ లొంగలేదు, చాలామందిని ఓడలెక్కించి ఇండియాకి పంపేసింది. 1953లో సౌదీలోని ధహ్రాన్‌లో ఆయిల్ కార్మికులు వేల మంది సమ్మె చేశారు. నాయకుల్ని జైల్లో పెట్టారు, తర్వాత జీతాలు పెంచారు. 1956లో మళ్ళీ సమ్మె జరిగితే రాజు ఆజ్ఞతో సమ్మెలనే నిషేధించారు. రెండు చోట్లా ఒకటే వరస. కలిసి అడిగితే డబ్బు పెరిగింది. ఆ తర్వాత మళ్ళీ కలవకుండా కట్టడి వచ్చింది.

ఇప్పటి వరకు జీతం గురించి మాట్లాడాను. ఆయిల్ పనిలో న్యాయం అంటే జీతం ఒక్కటే కాదు, ప్రాణం కూడా ఆ లెక్కలోనిదే. నార్త్ సీలో పైపర్ ఆల్ఫా అనే ప్లాట్‌ఫామ్ గురించి సేఫ్టీ క్లాసులో వినే ఉంటారు. 1988 జూలై 6 రాత్రి. ఒక పంపు మీద సేఫ్టీ వాల్వు రిపేరుకి తీశారు, ఆ చోట బ్లైండ్ ఫ్లాంజ్ పెట్టారు. షిఫ్టు మారేటప్పుడు ఆ పర్మిట్ సంగతి అవతలి షిఫ్టుకి అందలేదు. వాళ్ళు ఆ పంపు ఆన్ చేశారు. 167 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది కాంట్రాక్టు మనుషులు.

సేఫ్టీ క్లాసులో ఇంతవరకే చెబుతారు. చెప్పని భాగం ఇంకొకటి ఉంది. అప్పట్లో నార్త్ సీలో ఎన్‌ఆర్‌బీ అనే మూడక్షరాలు ఉండేవి. "వీడు మళ్ళీ అక్కర్లేదు" అని అర్థం. సేఫ్టీ గురించి ఎక్కువ మాట్లాడిన కాంట్రాక్టు మనిషి పేరు పక్కన ఆ మూడక్షరాలు పడితే, తర్వాతి ట్రిప్పుకి హెలికాప్టర్‌లో సీటు ఉండదు. ఇది వింటే మనకి వెంటనే అర్థమవుతుంది కదా? మన దగ్గర అక్షరాలు వేరు, "రెన్యువల్ లేదు" అంటారు.

పైపర్ ఆల్ఫా తర్వాత అక్కడి కాంట్రాక్టు కార్మికులు పాత యూనియన్ల కోసం ఆగకుండా సొంతంగా ఓఐఎల్‌సీ అనే కమిటీ పెట్టుకున్నారు. 1989లో, 1990లో సమ్మెలు చేశారు. చాలామంది ఉద్యోగాలు పోయాయి, అది దాచాల్సిన విషయం కాదు. కానీ 1989లోనే చట్టం వచ్చింది. ప్లాట్‌ఫామ్ మీద ఉన్నవాళ్ళు తమ సేఫ్టీ ప్రతినిధిని తామే ఎన్నుకోవచ్చు, ఏ కంపెనీ మనిషైనా సరే. 1990లో లార్డ్ కల్లెన్ విచారణ రిపోర్టు 106 సిఫారసులు చేసింది. ఇక్కడ చూడాల్సింది, ఆ హక్కుని "స్టాఫ్‌కి" అని రాయలేదు. స్కాఫోల్డింగ్ మీద ఉన్న నలుగురికీ అని రాశారు.

అమెరికాది ఇంకో పాఠం. 2005 మార్చి 23న టెక్సస్ సిటీలో ఒక రిఫైనరీ పేలింది. 15 మంది చనిపోయారు. పదిహేను మందీ కాంట్రాక్టు మనుషులే, యూనిట్ పక్కన పెట్టిన ట్రైలర్ ఆఫీసుల్లో, వాటి చుట్టుపక్కల ఉన్నవాళ్ళు. విచారణలో తేలింది ఏమిటంటే, కొందరు ఆపరేటర్లు 29 రోజులు, అంతకన్నా ఎక్కువ, ఒక్క సెలవు లేకుండా 12 గంటల షిఫ్టులు చేస్తూ ఉన్నారు. తర్వాత పదేళ్ళకి, 2015 ఫిబ్రవరి 1న అక్కడి రిఫైనరీ కార్మికుల యూనియన్ సమ్మెకి దిగింది. 1980 తర్వాత దేశం మొత్తం మీద అదే మొదటిది. ఆరున్నర వేల మందికి పైగా బయటికి వచ్చారు. వాళ్ళు ముందు పెట్టిన మాట జీతం కాదు. అలసట, మనుషుల కొరత, పని మొత్తం కాంట్రాక్టుకి ఇచ్చేయడం. చివరికి నాలుగేళ్ళ ఒప్పందం కుదిరింది. మొదటి ఏడాది 2.5 శాతం, తర్వాత రెండేళ్ళు 3 శాతం చొప్పున, ఆఖరి ఏడాది 3.5 శాతం పెంపు. ఆ పెంపు సమ్మె చేసిన వాళ్ళకే కాదు, ఆ ఒప్పందం కింద ఉన్న దాదాపు 30 వేల మందికి.

సరిగ్గా అదే 2015 ఫిబ్రవరిలో, అదే దేశంలో, న్యూ ఆర్లీన్స్ కోర్టులో ఇంకో తీర్పు వచ్చింది. అది మన ఇండియా వెల్డర్లది, పైప్ ఫిట్టర్లది. కత్రినా తుఫాను తర్వాత ఆయిల్ రిగ్గులు బాగు చేయడానికి సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ ఇండియా నుంచి 500 మంది దాకా తెచ్చుకుంది. ఒక్కొక్కరు ఏజెంట్లకి పదివేల డాలర్లు, అంతకన్నా ఎక్కువ కట్టారు. గ్రీన్ కార్డు వస్తుందని చెప్పారు, వచ్చింది మాత్రం కొన్ని నెలల వీసా. ఒక ట్రైలర్‌లో 24 మంది దాకా పడుకోబెట్టి, తిండికీ మంచానికీ నెలకి 1,050 డాలర్లు జీతంలో కోసుకున్నారు. మాట్లాడిన వాళ్ళని 2007లో వెనక్కి పంపేయబోయారు. 2008లో వంద మంది దాకా పని వదిలి బయటికి వచ్చారు. కోర్టులో ఏడేళ్ళు పట్టింది. జ్యూరీ అయిదుగురికి కలిపి కోటీ నలభై లక్షల డాలర్లు ఇవ్వాలంది. ఆ జూలైలో మిగతా వాళ్ళ కేసులకి రెండు కోట్ల డాలర్లతో రాజీ కుదిరింది. కంపెనీ దివాళా తీసింది.

గెలిచారు, నిజమే. కానీ ఎలా గెలిచారో చూడండి. యూనియన్ ఒప్పందం కింద ఉన్న చాలామందికి నెలన్నర, రెండు నెలల్లో తేలింది. మనవాళ్ళకి ఏడేళ్ళు పట్టింది. ఎందుకంటే వాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ తరఫున మాట్లాడే ఒప్పందం ఏదీ లేదు, అన్నీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు కొంచెం చేదు మాట చెబుతాను. యూనియన్ ఎప్పుడూ మన పక్షమే ఉంటుందని అనుకోకండి. 2009 మొదట్లో ఇంగ్లండ్‌లోని లిండ్సే ఆయిల్ రిఫైనరీ దగ్గర ఒక ఇటలీ కాంట్రాక్టరు తన ఇటలీ, పోర్చుగల్ మనుషుల్ని తెచ్చుకున్నాడు. స్థానిక కార్మికులు పని ఆపేశారు, మిగతా సైట్లలో కూడా ఆపారు. "బ్రిటిష్ ఉద్యోగాలు బ్రిటిష్ వాళ్ళకే" అని బోర్డులు పట్టుకున్నారు. చివరికి 102 ఉద్యోగాలు స్థానికులకి ఇచ్చేలా ఒప్పందమైంది. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. బయటి వాణ్ణి తక్కువకి తెచ్చి లోపలి వాడి రేటు పడగొట్టడం ప్రతి దేశంలో ఉన్నదే. కానీ ఆ బోర్డు మీద ఉన్న కోపం కాంట్రాక్టరు వైపు కాక, కూలీ వైపు తిరిగింది.

అదే సమస్యని నార్వే వాళ్ళు ఇంకోలా పరిష్కరించుకున్నారు. అక్కడ కూడా ఆయిల్, గ్యాస్ ప్లాంట్ల నిర్మాణానికి బయటి దేశాల వాళ్ళని తక్కువ జీతానికి తెస్తున్నారు. యూనియన్ వాళ్ళు "వీళ్ళని పంపేయండి" అనలేదు. "మా ఒప్పందంలో ఉన్న కనీస రేటే వీళ్ళకీ ఇవ్వాలి, చట్టంగా చేయండి" అని అడిగారు. దానికి 1993లోనే ఒక చట్టం ఉంది. దాన్ని మొట్టమొదట వాడింది 2004లో, ఒడ్డున ఉన్న ఏడు పెట్రోలియం ప్లాంట్ల మీద. దాంతో ఆ గేటు లోపలికి ఏ దేశం పాస్‌పోర్టుతో వచ్చినా, ఎన్ని మెట్ల కింద ఉన్న కాంట్రాక్టరు తెచ్చినా, వెల్డింగ్‌కి కనీస రేటు ఒకటే అయింది. అప్పుడు తక్కువకి తెచ్చి లాభపడేది ఏమీ ఉండదు. స్థానికుడి రేటూ పడిపోదు, బయటివాడూ మోసపోడు.

ఈ రెండు దేశాల మధ్య తేడాలోనే నేను చెప్పదలచుకున్నది ఉంది. యూనియన్ ఉందా లేదా అన్నది సగం ప్రశ్న. ఆ యూనియన్ రాయించుకున్న రేటు మనిషికి కట్టారా, పనికి కట్టారా అన్నదే అసలు ప్రశ్న. స్టాఫ్ మనిషికి మాత్రమే కడితే, స్టాఫ్ ఖరీదు పెరుగుతుంది, కంపెనీ ఇంకొంత పనిని కాంట్రాక్టుకి తోసేస్తుంది, మన మెట్టు ఇంకా కిందికి దిగుతుంది. పనికి కడితే, ఫ్లాంజ్ విప్పినవాడు ఎవడైనా అదే రేటు. మొదటి రకంలో గేటు లోపల న్యాయం, గేటు బయట చవక కూలీ. రెండో రకంలోనే నలుగురికీ న్యాయం.

సరే, ఇవన్నీ విని మనం ఇక్కడ ఏం చేయాలి? సమ్మె చేయమని నేను ఎవరికీ చెప్పను. ఆకామా పోతే, ఊళ్ళో అప్పు ఉంటే, ఆ కష్టం మీకు తెలుసు. కానీ యూనియన్ చేసే పనుల్లో సగం సమ్మె కాదు. లెక్క రాయడం, చట్టం తెలుసుకోవడం, ఒక్కడిగా కాక నలుగురిగా వెళ్ళి అడగడం. వీటికి చాలా వరకు జెండా అక్కర్లేదు.

లెక్కతో మొదలుపెడదాం. కువైట్ ప్రైవేటు సెక్టార్ లేబర్ చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ గంటకి మామూలు గంట జీతం మీద 25 శాతం ఎక్కువ. రోజుకి రెండు గంటలు, ఏడాదికి 180 గంటలు దాటకూడదు. వారం సెలవు రోజు పని చేస్తే 50 శాతం ఎక్కువ, బదులుగా ఇంకో రోజు సెలవు. నెల జీతాన్ని 26తో భాగిస్తే రోజు జీతం. 130 దీనార్ల జీతం అనుకోండి. రోజుకి 5 దీనార్లు, గంటకి 625 ఫిల్స్, ఓవర్‌టైమ్ గంటకి 781 ఫిల్స్. మీ కంపెనీ ఓవర్‌టైమ్‌కి కూడా 625 ఫిల్సే వేస్తోంది అనుకుందాం. 180 గంటలకి ఏడాదికి మీకు పోయేది 28 దీనార్లు. "పోనీలే" అనిపిస్తుంది. ఇలాంటి వాళ్ళు క్యాంపులో 200 మంది ఉంటే, ఏడాదికి 5,600 దీనార్ల పైనే. కంపెనీ అకౌంటెంటుకి ఈ పెద్ద అంకె తెలుసు. మనకి మాత్రం 28 ఒక్కటే కనిపిస్తుంది. యూనియన్ అనేది అసలు ఎందుకు పుట్టిందో ఈ రెండు అంకెల్లోనే ఉంది. విడివిడిగా చూస్తే పోనీలే, కలిపి చూస్తే అన్యాయం.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో, పేరు వద్దు, ఇలాగే జరిగింది. షట్‌డౌన్‌లో వరసగా శుక్రవారాలు పని చేయించి మామూలు రేటే వేశారు. టైమ్‌షీట్‌లో నేను రాసిన గంటలకీ కుర్రాళ్ళ స్లిప్పులో వచ్చిన డబ్బుకీ పొంతన లేదు. మా గ్యాంగులో ఒక ఇచ్ఛాపురం కుర్రాడు ఏ రోజు ఎన్నింటికి ఎక్కాడో, ఎన్నింటికి దిగాడో చిన్న నోటుబుక్కులో తెలుగులో రాసుకునేవాడు. ఆ బుక్కు, నా టైమ్‌షీట్ కాపీలు, పదకొండు మంది స్లిప్పులు ఒకచోట పెట్టాం. తెలిసిన మందూబ్ చేత అరబీలో ఒక పేజీ రాయించాం. నలుగురు ఆఫీసుకి వెళ్ళారు, గొడవ చేయలేదు, కాగితం ఇచ్చి కూర్చున్నారు. రెండో నెలలో శుక్రవారాల డబ్బు అందరికీ వచ్చింది. బదులు సెలవులు మాత్రం ఇవ్వలేదు. కాంట్రాక్టు అయిపోయాక ఆ నలుగురిలో ఇద్దరికి రెన్యువల్ రాలేదు. రెండూ చెబుతున్నాను. డబ్బు వచ్చిందీ చెప్పాలి, అందుకు ఎవరు ఖరీదు కట్టారో అదీ చెప్పాలి. ఆ ఇద్దరూ వేరే కంపెనీలో చేరే దాకా మిగతా వాళ్ళు తలా కొంత వేసుకుని రూము, తిండి చూసుకున్నారు. దాన్ని ఎవరూ యూనియన్ అనలేదు, కానీ చేసింది అదే.

అందుకని ఈ నాలుగు పనులు ఇవాళే మొదలుపెట్టండి. కాంట్రాక్టు కాపీ, ఇజ్నే అమల్ మీద రాసిన జీతం ఫోన్లో ఫోటో తీసి ఇంటికి కూడా పంపండి. ప్రతి నెలా స్లిప్పు దాచండి, ఇవ్వకపోతే బ్యాంకు మెసేజీలు దాచండి. గంటలు రోజూ రాసుకోండి, నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాస్తే పనికిరాదు. అడగాల్సి వస్తే ఒక్కరే వెళ్ళకండి, నోటితో కాక కాగితంతో వెళ్ళండి.

కంపెనీ వినకపోతే దారి లేబర్ డిపార్టుమెంటే, అంటే మ్యాన్‌పవర్ అథారిటీ. నేరుగా కోర్టుకి పోవడం కుదరదు, ముందు అక్కడ కంప్లయింట్ ఇవ్వాలి. వాళ్ళు రాజీ చేయలేకపోతే కోర్టుకి పంపుతారు. కార్మికుడికి కోర్టు ఫీజు లేదు. ఒక్కటి మాత్రం మరిచిపోకండి, ఉద్యోగం అయిపోయిన ఏడాది లోపల అడగాలి. "ఊరికెళ్ళి వచ్చాక చూద్దాంలే" అని చాలామంది ఆ ఏడాది పోగొట్టుకుంటున్నారు. బహ్రెయిన్, ఒమన్‌లో ఉన్న అన్నదమ్ములు మీ కంపెనీలో యూనియన్ ఉందో లేదో కనుక్కోండి, మీకు తలుపు మూసి లేదు. ఖతార్‌లో ఉన్నవాళ్ళు ఉమ్మడి కమిటీ ఎన్నికలు పెడితే నిలబడండి, కనీసం ఓటు వేయండి.

నాతోటి సూపర్‌వైజర్లకి, ఫోర్‌మన్లకి ఒక మాట. మనం ఆ నాలుగు మెట్లలో మధ్యలో ఉన్నాం. పైవాడికి మనం చవక, కిందివాడికి మనమే కంపెనీ. యూనియన్ లేని చోట కార్మికుడికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం మనం సంతకం పెట్టే టైమ్‌షీట్. అందులో గంటలు ఉన్నవి ఉన్నట్టు రాయడం ఎవరికీ చేసే ఉపకారం కాదు, అది మన డ్యూటీ.

క్యాంపుల సంగతి కూడా ఇందులో భాగమే. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులు ఉండే బిల్డింగ్‌లో మంటలు లేచి 40 మందికి పైగా మన ఇండియా వాళ్ళు చనిపోయారు. రూములో ఎంతమంది, మెట్ల దారి ఖాళీగా ఉందా, తలుపులు తెరుచుకుంటాయా అన్నవి కూడా జీతంలో భాగమే. ప్లాట్‌ఫామ్ మీద సేఫ్టీ ప్రతినిధిని ఎన్నుకున్నట్టు, క్యాంపులో అంతస్తుకి ఒకడు ఈ సంగతులు చూసుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

వచ్చే వారం సర్వీసు డబ్బు, అంటే ఇండెమ్నిటీ లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను. మొదటి అయిదేళ్ళకి ఏడాదికి 15 రోజులు, తర్వాత ఏడాదికి ఒక నెల చొప్పున ఎలా వస్తుంది, మనమే రిజైన్ చేస్తే ఎంత తగ్గుతుంది, అన్నీ. మీ పాత స్లిప్పులు దగ్గర పెట్టుకుని వినండి. ఈ ఎపిసోడ్ మీ రూములో వాళ్ళకి కూడా వినిపించండి, చదవడం రాని అన్న ఉంటే ఇది చదివి చెప్పండి. జాగ్రత్తగా ఎక్కండి, జాగ్రత్తగా దిగండి. ఉంటాను.